తూర్పు ఆఫ్రికా నీలిపూల పొద: రోథెకా మైరికాయిడిస్ వర్ణన, వర్గీకరణ

నైరోబీవాసి:

అందరికీ నమస్కారం. నైరోబీలో కరూరా అడవి అంచున కాలిబాట పక్కనే ఒక పొద ఉంది. ఇప్పుడు నిండుగా పూసింది. దగ్గర కూర్చుని, కొలబద్ద, భూతద్దం పెట్టి చూసి రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ఎత్తు మనిషికంటే కొంచెం ఎక్కువ. మొదలు నుంచే కొమ్మలు చీలాయి. లేత కొమ్మలు నాలుగు పలకలుగా ఉన్నాయి, మీద సన్నటి నూగు ఉంది. ఆకులు ఎక్కువచోట ఎదురెదురుగా ఉన్నా, బలంగా పెరిగిన కొమ్మల మీద ఒక్కో కణుపు దగ్గర మూడేసి కనిపిస్తున్నాయి. ఆకు అండాకారం, పొడవు 5 నుంచి 9 సెంటీమీటర్లు. పై సగంలో అంచు వెంట మొద్దు రంపపు పళ్ళు ఉన్నాయి, కింది సగం నున్నగా సన్నబడి కాడలో కలిసిపోతుంది. నలిపితే వెగటు వాసన వస్తుంది.

పూలు కొమ్మల చివర వదులైన గుత్తులుగా వస్తున్నాయి. రక్షక పత్రావళి చిన్న గిన్నెలా ఉంది, దాని అయిదు తమ్మెలూ (అంచు చీలికలు) గుండ్రంగా ఉన్నాయి, అంచుకు ఊదా ఛాయ ఉంది. ఆకర్షణ పత్రావళి గొట్టం పొట్టిది. పైన అయిదు రేకులు. నాలుగు లేత నీలం, దాదాపు తెలుపు. అయిదోది, కిందిది, చిక్కటి నీలి ఊదా. అది కాస్త దోనెలా వంగి ఉంది. నాలుగు కేసరాలు పువ్వు దాటి చాలా ముందుకు వచ్చి పైకి విల్లులా వంగాయి. కీలం కూడా అంతే పొడవు.

నా చిక్కంతా పేరు దగ్గర. ఇక్కడి నర్సరీ చీటీ మీద క్లీరోడెండ్రమ్ ఉగాండెన్స్ అని ఉంది. పాత పుస్తకంలో క్లీరోడెండ్రమ్ మైరికాయిడిస్ అని చూశాను. కొత్త జాబితాల్లో రోథెకా మైరికాయిడిస్ అంటున్నారు. కుటుంబం ఒకచోట వెర్బినేసి, మరోచోట లామియేసి. మన వేదికలో మొక్కల పేజీకి దీన్ని చేర్చాలనుకుంటున్నాను. ఏ పేరు కింద చేర్చాలి? ఎందుకు?

కడియం తోటమాలి:

చాలా మంచి వర్ణన. ఈ మొక్క మా వైపు నర్సరీల్లోనూ ఉంది. నీలి సీతాకోక మొక్క అంటేనే కొనేవాళ్ళు గుర్తుపడతారు. నాలుగు లేత రేకులు రెక్కల్లా, కేసరాలు మీసాల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. సగం ముదిరిన కొమ్మ నాటితే వేరు పడుతుంది. పూత అయ్యాక కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా వస్తుంది. నీరు నిలిస్తే మాత్రం ఓర్చుకోదు.

పేరు విషయంలో నా మాట ఒకటే. తోటల వ్యాపారంలో ఉగాండెన్స్ అన్న పేరు ఎన్నో ఏళ్ళుగా స్థిరపడింది. పేరు మార్చిన ప్రతిసారీ చీటీలు మారవు, కొనేవాళ్ళ జ్ఞాపకమూ మారదు. కనీసం ఆ పేరును పేజీలో పైనే, అందరికీ కనిపించేలా ఉంచండి.

బోటనీ మాస్టారు:

మూడు పేర్లకూ చరిత్ర ఉంది. వరుసగా చెబుతాను.

ఈ మొక్కను శాస్త్రానికి మొదట పరిచయం చేసినవాడు జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హోచ్‌స్టెటర్. ఇథియోపియాలో ఏళ్ళ తరబడి మొక్కలు సేకరించిన షింపర్ పంపిన నమూనాలను చూసి, 1842లో సైక్లోనీమా అనే కొత్త ప్రజాతిని (దగ్గరి జాతుల సమూహాన్ని) ఏర్పరచి, అందులో దీన్ని సైక్లోనీమా మైరికాయిడిస్ అన్నాడు. ఆకులు మైరికా అనే మరో మొక్క ఆకులను పోలి ఉన్నాయని జాతి పేరు అలా పెట్టాడు. 19వ శతాబ్దం చివరలో వాట్కే దీన్ని క్లీరోడెండ్రమ్‌లోకి చేర్చాడు. గ్యుర్కె సైక్లోనీమాను క్లీరోడెండ్రమ్ లోపల ఒక ఉపప్రజాతిగా నిలబెట్టాడు. ఆ ఏర్పాటు దాదాపు వందేళ్ళు నడిచింది.

ఉగాండెన్స్ అన్న పేరు 1909లో డేవిడ్ ప్రెయిన్ పెట్టినది. అప్పటికి ఆయన ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనానికి డైరెక్టరు. అంతకుముందు కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా పనిచేశాడు. ఉగాండా నుంచి వచ్చి గాజు ఇళ్ళలో పూసిన మొక్కను ఆయన వేరే జాతిగా భావించాడు. తర్వాతివారు దాన్ని మైరికాయిడిస్‌లోనే కలిపేశారు. అందుకే నర్సరీ చీటీలో ఉగాండెన్స్ ఉండడం వింతేమీ కాదు. యూరప్ తోటల్లోకి ఈ పొద ఆ పేరుతోనే నడిచి వచ్చింది.

ఇక రోథెకా. 1997లో డొరొతీ స్టీన్, ఆమె సహచరులు హరితరేణువుల డీఎన్‌ఏను పరిశీలించి, అప్పటి క్లీరోడెండ్రమ్ ఒకే మూలం నుంచి వచ్చిన సమూహం కాదని చూపారు. సైక్లోనీమా వర్గం మిగిలిన క్లీరోడెండ్రమ్‌లకు దగ్గరి చుట్టం కాదు. అందువల్ల దాన్ని విడదీయక తప్పలేదు. 1998లో స్టీన్, మాబర్లీ కలిసి రోథెకా ప్రజాతిని పునరుద్ధరించారు. సరైన పేరు రోథెకా మైరికాయిడిస్. పేజీని ఆ పేరు మీదే పెట్టండి. కడియం తోటమాలి గారి కోరిక కూడా న్యాయమైనదే, పాత పేర్లు వెంటనే కింద ఉండాలి.

బీఎస్సీ రెండో ఏడు:

మాస్టారూ, రెండు సందేహాలు. విడదీసినప్పుడు హోచ్‌స్టెటర్ పెట్టిన సైక్లోనీమా పేరే మళ్ళీ వాడవచ్చు కదా? మధ్యలో రోథెకా ఎక్కడి నుంచి వచ్చింది? రెండోది, మాకు 19వ శతాబ్దపు బెంథామ్, హుకర్ వర్గీకరణే పాఠంగా ఉంది. అందులో క్లీరోడెండ్రమ్ వెర్బినేసిలో ఉంది. లామియేసి అంటే తులసి కుటుంబం కదా. తులసికీ ఈ పొదకూ పోలిక నాకు కనిపించడం లేదు.

బోటనీ మాస్టారు:

మొదటిది ముందొచ్చిన పేరుకే హక్కు అన్న నియమం. రఫినెస్క్ 1838లోనే రోథెకా అనే ప్రజాతిని ప్రచురించాడు. సైక్లోనీమా 1842 నాటిది. నాలుగేళ్ళ తేడా చాలు. రఫినెస్క్ రోథెకాను ఏ మొక్క ఆధారంగా నిలబెట్టాడో తెలుసా? ఆఫ్రికా మొక్క కాదు, మన ఆసియా మొక్క. తెలుగువాళ్ళం గంటుభారంగి అని పిలిచేదే. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం రోథెకా సెర్రేటా. ఆఫ్రికాలో పదుల జాతులున్న ప్రజాతికి పేరు నిలబడింది మన కొండల్లోని మొక్క వల్ల. నాకిది ఎంతో సంతోషం కలిగించే సంగతి.

రెండో ప్రశ్నకు హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పనిచేసిన మన సభ్యులు నాకంటే బాగా చెబుతారు.

ఎండుపూలు:

ప్రశ్న చాలా మంచిది, తొందరపడకుండా చెప్పాలి. పోలిక కనిపించకపోవడానికి కారణం ఉంది. తులసిలో అండాశయం నాలుగు ముక్కలుగా లోతుగా చీలి, కీలం ఆ ముక్కల మధ్య అడుగు నుంచి పైకి లేస్తుంది. కాయ నాలుగు చిన్న పెచ్చుకాయలుగా విడిపోతుంది. రోథెకాలో అండాశయం చీలదు, కీలం కొన నుంచే వస్తుంది, కాయ కండగల టెంకకాయ. ఈ ఒక్క తేడాను పట్టుకుని పూర్వులు కీలం అడుగున ఉన్నవాటిని తులసి కుటుంబంలోనూ, కొనన ఉన్నవాటిని వెర్బినేసిలోనూ పెట్టారు.

కానీ కొనన ఉండడం పాత లక్షణం. ఈ రెండు కుటుంబాల పూర్వికుల్లో అలాగే ఉండేది. పాత లక్షణం అందరికీ మిగిలే ఉండవచ్చు, కాబట్టి అది ఎవరికి ఎవరు చుట్టమో చెప్పదు. కొత్తగా వచ్చిన లక్షణం పంచుకున్నప్పుడే చుట్టరికం తెలుస్తుంది. 1934లోనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు యూనెల్ అండాశయాలను పలుచగా కోసి చూసి, వెర్బినేసిలోని చాలా మొక్కలు తులసి కుటుంబానికి చెందుతాయన్నాడు. ఆయన చూసింది అండాలు అతుక్కున్న చోటు. నిజమైన వెర్బినేసిలో అండాలు ఫలదళాల (అండాశయంగా ఏర్పడిన భాగాల) అంచులకే అతుకుతాయి. తులసి కుటుంబంలో అంచులు లోపలికి మడిచినట్టు ఉండి, అండాలు అంచు మీద కాకుండా దాని పక్క గోడకు అతుకుతాయి. క్లీరోడెండ్రమ్, వావిలి, టేకు అన్నీ రెండో రకం.

పుష్పవిన్యాసం కూడా చూడండి. వెర్బినేసిలో మిగిలిన లాంటానా, డ్యురాంటాల్లో పూలు అనిశ్చిత విన్యాసంలో, కింది నుంచి పైకి వరుసగా పూస్తాయి. తులసి కుటుంబంలో ప్రతి చిన్న గుత్తీ నిశ్చిత విన్యాసం, నడిమి పువ్వు ముందు విచ్చుకుంటుంది. నైరోబీవాసి గారు ఒక్క గుత్తిని గమనిస్తే ఇది కంటితోనే కనిపిస్తుంది.

1990 దశకంలో కాంటినో తదితరులు ఈ లక్షణాలన్నిటినీ క్రోడీకరించారు. డీఎన్‌ఏ దానికి బలం చేకూర్చింది. అంతటితో టేకు, వావిలి, గుమ్ముడు టేకు అన్నీ తులసి కుటుంబంలోకి వచ్చాయి. పరీక్షలో మీ పాఠంలో ఉన్నదే రాయండి, బెంథామ్, హుకర్ ప్రకారం అని స్పష్టంగా చెప్పి రాయండి. వర్గీకరణ ఎవరిదో చెప్పి రాస్తే అది సరైన సమాధానమే.

ఇంకో మాట. లామియేసి లోపల రోథెకా ఉన్నది అజుగాయిడే ఉపకుటుంబంలో. క్లీరోడెండ్రమ్ కూడా అందులోదే. అయితే ఇటీవలి వర్గీకరణలో రోథెకాను వేరే తెగలో పెట్టారు. అంటే ఒకప్పుడు ఒకే ప్రజాతిగా ఉన్నవి ఇప్పుడు వేర్వేరు తెగలు.

కొండదారి:

గంటుభారంగి మాట వచ్చింది కాబట్టి నేనూ చేరుతున్నాను. తూర్పు కనుమల్లో, మారేడుమిల్లి దారుల్లో వానాకాలంలో దాన్ని చూస్తుంటాను. నైరోబీవాసి గారి వర్ణన చదువుతుంటే సగం మాటలు మా మొక్కకూ అతికాయి. పలకల కొమ్మలు, కణుపుకు మూడేసి ఆకులు, నాలుగు లేత రేకులు, ఒక ముదురు రేకు, పైకి వంగిన కేసరాలు. తేడాలు ఇవి: గంటుభారంగి ఆకులు బాగా పొడవు, కాడ దాదాపు లేనట్టే, అంచు పొడవునా వాడి రంపపు పళ్ళు. పూలగుత్తి కొమ్మ చివర నిటారుగా, పొడవుగా లేస్తుంది. గుత్తిలో పుష్పపుచ్ఛాలు (పూల కింద ఉండే చిన్న ఆకులు) వెడల్పుగా, రాలకుండా నిలిచి ఉంటాయి. మీ పొదలో గుత్తి వదులుగా ఉందన్నారు, పుచ్ఛాలు చిన్నవే అయి ఉండాలి.

ప్రజాతిని తేల్చే అసలు గుర్తు ఇంకొకటి ఉంది, వర్ణనలో అది లేదు. విచ్చుకోని మొగ్గను పక్క నుంచి చూడండి. క్లీరోడెండ్రమ్‌లో మొగ్గ ఏ వైపు చూసినా ఒకేలా ఉబ్బుతుంది. రోథెకాలో కింది వైపు మాత్రమే ఒక్కసారిగా ఉబ్బి, మొగ్గ ఒంటి పక్కకు బరువైనట్టు ఉంటుంది. డీఎన్‌ఏ రాకముందు సైక్లోనీమా ఉపప్రజాతిని గుర్తించింది కూడా దీనితోనే. పూలు రాలిపోయాక అడవిలో ఏమీ చెప్పలేం, మొగ్గ ఉన్నప్పుడే చూడాలి. మన కొండల్లో తెల్లపూలు పూసే క్లీరోడెండ్రమ్ ఇన్ఫార్చునేటమ్ మొగ్గ పక్కన గంటుభారంగి మొగ్గను పెట్టి చూస్తే ఇక ఎప్పటికీ తికమక పడరు.

మూలిక:

ఒక హెచ్చరిక రాయక తప్పదు. భారంగి వేరు ఆయుర్వేదంలో ప్రసిద్ధం. తూర్పు ఆఫ్రికాలోనూ మైరికాయిడిస్ వేరును మలేరియా వంటి జబ్బులకు వాడే సంప్రదాయం ఉంది. దాని నుంచి మైరికాయిడిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. ఇవన్నీ నిజమే. కానీ రెండూ ఒకే ప్రజాతివి కాబట్టి ఒకదాని బదులు ఒకటి వాడవచ్చని ఎవరూ అనుకోకూడదు. చుట్టరికం గుణాల సమానత్వం కాదు. తోటలో అందానికి పెంచుకున్న మొక్క వేరు తవ్వి కషాయం కాచుకునేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. పేజీలో ఉపయోగాల భాగం రాస్తే ఈ మాటలు తప్పకుండా చేర్చండి.

నైరోబీవాసి:

అందరికీ కృతజ్ఞతలు. మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాను.

మొగ్గ అచ్చం కొండదారి గారు చెప్పినట్టే ఉంది. కింది వైపు బుడగలా పొంగి, గొట్టం పైభాగం దాదాపు తిన్నగా ఉంది. ఆ పొంగులో ఉన్నది ముడుచుకున్న ముదురు నీలి రేకు, దాని లోపల చుట్టలు చుట్టుకున్న కేసరాలు. సూదితో విప్పితే నాలుగూ ఒకేసారి చాచుకున్నాయి. పుచ్ఛాలు చిన్నవే, సన్నటివి, త్వరగా రాలిపోతున్నాయి. గుత్తిలో నడిమి పువ్వు ముందు పూస్తోంది, అటూ ఇటూ ఉన్నవి తర్వాత.

చూడగా చూడగా మరొకటి తెలిసింది. అప్పుడే విచ్చిన పువ్వులో కేసరాలు ముందుకు నిలబడి పుప్పొడి రాలుస్తుంటాయి. కీలం పక్కకు తొలగి ఉంటుంది, దాని కొన రెండుగా చీలదు. తర్వాతి దశలో కేసరాలు వెనక్కి చుట్టుకుపోతాయి, అవి ఉన్న చోటికి కీలం వచ్చి కొన రెండు పాయలుగా తెరుచుకుంటుంది. పెద్ద నల్ల తుమ్మెదలు కింది రేకు మీద వాలుతున్నాయి. వాలగానే పువ్వు బరువుకు వంగి, వంపు తిరిగిన కేసరాలు తుమ్మెద వీపును తాకుతున్నాయి. ముదిరిన పువ్వులో అదే చోట కీలాగ్రం తాకుతోంది.

బీఎస్సీ రెండో ఏడు:

ఇది పుంభాగ ప్రథమోత్పత్తి కదా మాస్టారూ! మాకు నిర్వచనం మాత్రమే చెప్పారు. ఇలా పువ్వులో జరిగేది మొదటిసారి అర్థమైంది.

బోటనీ మాస్టారు:

అదే. కేసరాలు ముందు పండి, కీలాగ్రం తర్వాత సిద్ధమవుతుంది. పైగా రెండూ చోటు మార్చుకుంటాయి కాబట్టి అదే పువ్వు పుప్పొడి అదే పువ్వు మీద పడడం బాగా తగ్గుతుంది. క్లీరోడెండ్రమ్‌లోనూ, దాని చుట్టాల్లో చాలావాటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. 2010లో యువాన్ తదితరులు క్లీరోడెండ్రమ్‌ను మరింత విడదీసి వోల్కమేరియా అనే ప్రజాతిని పునరుద్ధరించినప్పుడు, ఈ పద్ధతి పరిణామాన్ని కూడా చర్చించారు. మన సముద్రతీర ఊళ్ళలో కంచెగా నాటే క్లీరోడెండ్రమ్ ఇనెర్మే ఇప్పుడు వోల్కమేరియా ఇనెర్మిస్ అయింది ఆ పనివల్లే.

ఎండుపూలు:

పేజీ రాసేముందు ఒక చిక్కును దాటవేయకండి. రోథెకా మైరికాయిడిస్ అనే పేరు కింద ఇప్పుడు ఉన్నది ఒకే తీరు మొక్క కాదు. ఇథియోపియా నుంచి కెన్యా, ఉగాండా, టాంజానియా మీదుగా దక్షిణాఫ్రికా ఉత్తర భాగం వరకు వ్యాపించిన ఈ జాతిలో, ఆకు పరిమాణం, అంచు, నూగు, గుత్తి వదులుతనం అన్నీ ఊరు మారితే మారతాయి. ఉష్ణమండల తూర్పు ఆఫ్రికా వృక్షజాల గ్రంథంలో వెర్బినేసి భాగం 1992లో వచ్చింది, రాసినది వెర్డ్‌కోర్ట్. అప్పటికి ఇది క్లీరోడెండ్రమ్ మైరికాయిడిస్. ఆయన దాని కింద పలు ఉపజాతులు, రకాలు పెట్టాడు. కాబట్టి మీ కొలతలు కరూరా పొదవి అని రాయండి, జాతి మొత్తానివి అన్నట్టు రాయకండి.

కడియం తోటమాలి:

నా వాదనకు ఇదే బలం! తోటల్లో ఉన్నది ఉగాండా నుంచి వచ్చిన ఒక రూపం. అడవుల్లో ఇన్ని రూపాలుంటే, తోట రూపానికి దాని సొంత పేరు ఉండడమే మేలు. నునుపైన ఆకు, పెద్ద పువ్వు, కొట్టొచ్చినట్టు రెండు నీలాలు. కొనేవాడికి కావలసింది అది. రోథెకా మైరికాయిడిస్ అని మాత్రమే రాసి, నూగు ఆకులున్న మరో రూపం పంపితే కొన్నవాడు మోసపోయాననుకుంటాడు.

ఎండుపూలు:

తోట రూపాన్ని తోటరకంగా పేర్కొనడంలో తప్పులేదు. జాతి పేరు తర్వాత ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉగాండెన్స్ అని రాసే పద్ధతి చాలా దేశాల నర్సరీల్లో ఉంది. వేరే జాతి అన్నట్టు క్లీరోడెండ్రమ్ ఉగాండెన్స్ అని రాయడం దగ్గరే నాకు అభ్యంతరం. అడవి మొక్కకు మాత్రం ఆ పేరు తగిలించకూడదు. ఏ రకమో చెప్పాలంటే నమూనా తీసి, నైరోబీలోనే ఉన్న తూర్పు ఆఫ్రికా హెర్బేరియంలో పాత నమూనాల పక్కన పెట్టి పోల్చాలి.

నైరోబీవాసి:

పేజీకి రాసిన పాఠం ఇది. అభ్యంతరాలుంటే చెప్పండి.

«రోథెకా మైరికాయిడిస్. లామియేసి కుటుంబం, అజుగాయిడే ఉపకుటుంబం. పాత పేర్లు: సైక్లోనీమా మైరికాయిడిస్, క్లీరోడెండ్రమ్ మైరికాయిడిస్, క్లీరోడెండ్రమ్ ఉగాండెన్స్ (తోటల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది). బెంథామ్, హుకర్ ప్రకారం వెర్బినేసి.

కరూరా అంచు పొద: సుమారు 2 మీటర్లు. ఆకులు అభిముఖం లేదా మూడేసి చక్రీయం, అండాకారం, 5–9 సెం.మీ., పై సగంలో దంతాలు, నలిపితే వెగటు వాసన. పుష్పవిన్యాసం కొమ్మల చివర, వదులు, ప్రతి చిన్న గుత్తీ నిశ్చితం, పుచ్ఛాలు చిన్నవి, రాలిపోయేవి. రక్షక పత్రావళి గిన్నె ఆకారం, తమ్మెలు అయిదు, గుండ్రం. మొగ్గ అసౌష్ఠవం, కింది వైపు ఉబ్బు. ఆకర్షణ పత్రాలు అయిదు, నాలుగు లేత నీలం, కిందిది ముదురు నీలి ఊదా. కేసరాలు నాలుగు, మొగ్గలో చుట్టలు, విచ్చాక వెలికి వచ్చి వంపు. అండాశయం ఊర్ధ్వం, కీలం కొన నుంచి, కీలాగ్రం రెండు పాయలు. పుంభాగ ప్రథమోత్పత్తి. ఈ పొదలో కాయ ఇంకా చూడలేదు. జాతి వర్ణనల ప్రకారం నాలుగు తమ్మెల టెంకకాయ, పండితే నలుపు.»

మూలిక గారి హెచ్చరికను ఉపయోగాల కింద పూర్తిగా చేర్చాను. రకం పేరు ఖాళీగా వదిలేశాను.

కొండదారి:

బాగుంది. గంటుభారంగి పేజీకి లంకె కూడా ఇవ్వండి, రెండు మొగ్గల బొమ్మలూ పక్కపక్కన ఉంటే ఇంకా మేలు. మా మొక్క మొగ్గ ఫోటో ఈ వానాకాలంలో నేను తీసి పంపుతాను.

ఎండుపూలు:

కాయలు పండేవరకు ఆ పొదను వదలకండి. నాలుగు తమ్మెల్లో ఎన్ని నిండుతున్నాయో చూడండి. తరచు ఒకటి రెండే పెరిగి మిగిలినవి కుదించుకుపోతాయి. నమూనా తీసేటప్పుడు పువ్వు, మొగ్గ, కాయ మూడూ ఉన్న కొమ్మ దొరికితే అదే తీయండి. పూల రంగు ఎండితే పోతుంది కాబట్టి చీటీ మీద అక్కడికక్కడే రాయాలి.

నైరోబీవాసి:

అలాగే చేస్తాను. కింది కొమ్మ మీద రెండు పచ్చికాయలు కనిపించాయి. వచ్చే నెల అవి నల్లబడ్డాక కొమ్మ తీసి, హెర్బేరియంలో అడిగి, ఫలితం ఇక్కడే రాస్తాను.